చెల్లి రిసెప్షన్‌కి పిలిచిన ఆర్కెస్ట్రా: సామాను దించేటప్పుడు నేను వేసిన లెక్క, పాట మొదలయ్యాక తేలింది

మొన్న శ్రావణంలో మా చెల్లి రిసెప్షన్ తెనాలిలో ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. ఆర్కెస్ట్రా మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. గుంటూరు వైపు నుంచి వచ్చే ఒక ట్రూపుని కుదిర్చాను. పాడేవాళ్లు ఇద్దరు, కీబోర్డు, ప్యాడ్స్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్స్), తబలా డోలక్ రెండూ వాయించే ఒకాయన, బేస్ గిటార్, మిక్సర్ (మైకుల, వాద్యాల సౌండంతా కలిపి సర్దే పెట్టె) దగ్గర ఒకరు, మొత్తం ఏడుగురు. సౌండుతో కలిపి 48 వేలు, భోజనాలు మనవే. పేర్లు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఏ ట్రూపుని మాట్లాడుకున్నా పనికొచ్చేదే.

ఏ ప్రోగ్రాంకి వెళ్లినా గంట ముందే వెళ్లి స్టేజీ పక్కన నిలబడి సామాను దించడం చూడటం నాకు అలవాటు. చిన్నప్పుడు మా ఊళ్లో నవమి పందిట్లో హరికథకి, బుర్రకథకి వచ్చేవాళ్ల సామాను చూడటంతో మొదలైంది అది. అప్పట్లో సామానంటే ఒక అహూజా ఆంప్లిఫైర్, చెట్టుకి కట్టిన రెండు గొట్టం స్పీకర్లు, ఒక హార్మోనియం పెట్టె, అంతే. ఇప్పుడు బండ్లకి బండ్లు దిగుతున్నాయి. దిగేవాటిని చూసి ఇవాళ పాట ఎలా ఉంటుందో ముందే ఒక అంచనాకి వచ్చేస్తాను. చాలాసార్లు నిజమైంది. రెండేళ్ల కింద మాత్రం ఘోరంగా తప్పింది, అది ముందు చెప్పాలి.

ఆ ఏడాది మా ఊరి శ్రీరామనవమికి చందాలు బాగా వచ్చాయని 75 వేలు పెట్టి పెద్ద ట్రూపు అనిపించినవాళ్లని పిలిచాం. రెండు టాటా ఏస్ బండ్ల నిండా సామాను. మనిషి ఎత్తు బేస్ బాక్సులు నాలుగు, వాటి మీద ఇంకో నాలుగు, గిర్రున తిరిగే లైట్లు, పొగ మెషీను, మెరిసిపోతున్న కొత్త కీబోర్డులు రెండు. కమిటీ వాళ్లమంతా మురిసిపోయాం. నేనైతే మా బాబాయ్‌కి ఫోన్ చేసి మరీ రమ్మన్నాను. తీరా మొదలుపెడితే మొదటి పాటకే మైకు కుయ్యిమని కూత. ఎందుకంటే బాక్సుల్ని పాడేవాళ్ల వెనక పెట్టారు, వాటి మోత నేరుగా మైకులోకే వెళ్తోంది, మైకు నుంచి మళ్లీ బాక్సుల్లోకి. కీబోర్డు లైన్లో ఒకటే గుయ్యిమనే మోత, ఎర్తింగ్ చూసుకోలేదు. విరామంలో వెళ్లి మైకు చేతికి తీసుకుంటే అట్ట ముక్కలా తేలిపోయింది. షూర్ ఎస్‌ఎం58 అని రాసుంది దాని మీద. ఆ మైకు 1966 నుంచి వస్తోంది, ప్రపంచమంతా స్టేజీల మీద కనిపించేది అదే, అందుకే దానికి నకళ్లూ అన్నే ఉన్నాయి. అసలుది 298 గ్రాములు, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఇక నాలుగో పాట నుంచి ల్యాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టి వాయిస్తున్నట్టు చేతులాడించారు. ప్యాడ్స్ కుర్రాడు కర్ర ఎత్తి పక్కవాడితో మాట్లాడుతున్నాడు, దరువు మాత్రం ఆగట్లేదు. పందిట్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లు అది గమనించి లేచి వెళ్లిపోయారు. ఊరి డబ్బు అది. నాకు ఇప్పటికీ బాధే.

ఆ దెబ్బ తర్వాత సామాను చూడటం మానలేదు, ఏం చూడాలో మార్చుకున్నాను. ఎంత తెచ్చారు, ఎంత కొత్తవి తెచ్చారు అనేది పక్కన పెట్టి, ఉన్నదాన్ని ఎలా పట్టుకుంటున్నారు, ఎలా సర్దుకుంటున్నారు అనేదాని మీదే కళ్లు పెట్టాను.

ఇక మా చెల్లి రిసెప్షన్. ఏడింటికి ప్రోగ్రాం అయితే మధ్యాహ్నం మూడున్నరకే వచ్చేశారు. ఒకటే బండి. ముందు దిగింది వైర్ల పెట్టె. అందులో వైర్లన్నీ ఒకే సైజు చుట్టలుగా చుట్టి, ఒక్కోదానికి గుడ్డపేలిక కట్టి ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదండీ. చాలామంది వైరుని మోచేతికి అరచేతికి మధ్య తాడులా చుట్టేస్తారు, అలా చుట్టినకొద్దీ లోపల తీగ మెలిపడి, జాక్ దగ్గర తెగి, పాట మధ్యలో గరగరమంటుంది. వీళ్ల కుర్రాడు ఒక చుట్ట ఇటు, ఒక చుట్ట అటు తిప్పుతూ చుట్టిన వైరు, విసిరితే ముడి పడకుండా స్టేజీ చివరిదాకా సాగింది. అది చూసి నాకు సగం టెన్షన్ పోయింది.

తర్వాత మిక్సర్. దాన్ని స్టేజీ మీద మూల పెట్టకుండా, హాలు మధ్యలో, జనం కూర్చునే చోట ఒక టేబుల్ అడిగి అక్కడ పెట్టుకున్నారు. జనం వినేదే మిక్సర్ దగ్గర మనిషి కూడా వినాలి, లేకపోతే అతను గుడ్డిగా నాబ్‌లు తిప్పినట్టే. బాక్సులు నాలుగే, రెండు బేసు, రెండు పైవి, పాడేవాళ్లకి రెండడుగులు ముందు, జనం వైపు తిప్పి. మా పెదనాన్న వచ్చి "ఇంతేనా బాబూ, ఇంకా తేలేదా?" అని అడిగారు. నాలుగొందల మంది పట్టే హాలు, కింద పాలరాయి, పైన రేకు. అలాంటి చోట ఎన్ని బాక్సులు పెడితే అంత ప్రతిధ్వని, మాట మాట మీద పడి ఒక్క ముక్క అర్థం కాదు. మిక్సర్ అతను చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఎంతసేపు తిరుగుతోందో విని, పైబాక్సుల్ని కొంచెం కిందికి వంచాడు. నాలుగు చాలని నాకప్పుడే అనిపించింది.

ఒక్కచోట మాత్రం నేను పెదవి విరిచాను. కీబోర్డు. రోలాండ్ ఎక్స్‌పి50, 1995 నాటి మోడల్, ఫ్లాపీ డిస్క్ పెట్టే కంత ఉంటుంది దానికి. ఆ కంతకి టేపు అంటించి ఉంది. వాల్యూమ్ స్లైడర్ టోపీ ఊడిపోతే ఏదో సీసా మూత పెట్టుకున్నారు. అరవై ఒక్క మెట్లలో తెల్లవి కొన్ని పచ్చబడ్డాయి. కొత్త పాటలు అడిగితే ఏం చేస్తాడో అని అనుమానమొచ్చి దగ్గరికెళ్లాను. బోర్డు పైన తెల్ల టేపు అంటించి దాని మీద ఏ సౌండ్ ఏ నంబరులో ఉందో స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసుకున్నారు: వేణువు 12, వీణ 31, సితార్ 33, కోరస్ 58, పెళ్లి సన్నాయి 77. ఆ అక్షరాలు చెమటకి చెరిగి, మళ్లీ దిద్ది, మళ్లీ చెరిగి, లావుగా అయ్యాయి.

"కొత్త బోర్డు తీసుకోలేదా అన్నా?" అని అడిగాను.

"ఇంట్లో ఒకటుంది తమ్ముడూ. దీని వేణువు దాంట్లో రాదు" అన్నారు.

నేను నమ్మలేదు. పాట మొదలయ్యాక నమ్మాను. ఆ వేణువు వినిపించగానే వంటవాళ్లలో ఒకాయన గరిటె పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సామాను వయసు చూసి మనిషిని తక్కువ చేశాను, అది నా తప్పు. కానీ అదే బోర్డు మీద అన్నిసార్లు దిద్దిన అక్షరాలు నా కళ్లెదుటే ఉన్నాయి, అవి కూడా సామానులో భాగమే, వాటిని సరిగ్గా చదవలేదు అంతే.

ఆ బోర్డు స్టాండు కింద కంప్యూటర్లకి పెట్టే, కరెంటు పోయినా కాసేపు నడిపించే చిన్న యూపీఎస్ ఒకటి ఉంది. దీనికెందుకిది అనుకున్నాను. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. హాలు జనరేటర్ అందుకోవడానికి అర నిమిషం పైనే పట్టింది. బాక్సులు మూగబోయాయి, లైట్లు పోయాయి, తబలా ఆగలేదు. పాడుతున్న అమ్మాయి మైకు దించి గొంతు పెంచింది, ముందు వరుసలు చప్పట్లతో దరువు అందుకున్నాయి. కరెంటు వచ్చేసరికి కీబోర్డు ఆన్‌లోనే ఉంది కాబట్టి, ఆఫ్ అయి మళ్లీ లేచి సౌండ్లు వెతుక్కునే పని లేకుండా చరణంలో ఎక్కడుండాలో అక్కడే కలిసింది. ఆ రాత్రి అందరూ చెప్పుకున్నది ఆ అర నిమిషం గురించే.

తబలా ఆయన గురించి విడిగా రాయాలి. ఆయన దగ్గర కుడి తబలాలు మూడున్నాయి. ఒకటి మగగొంతు పాటలకి, ఒకటి ఆడగొంతుకి, ఒకటి అదనం. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నరల్లో (ఈ అంకెలు పాట ఏ స్థాయి నుంచి మొదలవుతుందో చెప్పేవి). ఒకే తబలాని అక్కడి నుంచి ఇక్కడికి లాగితే నాదం చచ్చిపోతుంది. సంచిలోంచి తీసి గుడ్డ విప్పి మూడింటినీ స్టేజీ మీద ఒక గంట ఊరికే ఉంచారు. ఎందుకండీ అంటే, బయట వాన, హాల్లో ఏసీ, తోలు ఈ గాలికి అలవాటు పడకుండా శ్రుతి చేస్తే అరగంటలో మళ్లీ మారిపోతుందన్నారు. గంటయ్యాక చిన్న సుత్తి తీశారు. పిడి అరిగి నున్నగా, బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. తబలా తిప్పుతూ అంచు మీద ఒక చిన్న దెబ్బ, వేలితో మీటి వినడం, ఎదురుగా ఉన్న అంచు మీద ఇంకో దెబ్బ, మళ్లీ వినడం. పిల్లలు చుట్టూ చేరి గోల చేస్తుంటే విసుక్కోలేదు, తబలా చెవికి దగ్గరగా పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అప్పుడే నేను లోపలికెళ్లి మా అమ్మతో చెప్పాను, ఇవాళ పాట బాగుంటుంది అని. అప్పటికి ఎవరూ ఒక్క ముక్క పాడలేదు.

ప్యాడ్స్ కుర్రాడిది రోలాండ్ ఎస్‌పిడి20, ఎనిమిది రబ్బరు పలకలది. రోలాండ్ 1985లో తెచ్చిన మొదటిదానికి ఆక్టోప్యాడ్ అని పేరు, తర్వాత వచ్చిన ఇలాంటివాటిని కూడా మనవాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ కుర్రాడి ప్యాడ్ మీద మధ్య రెండు పలకలు అరిగి తెల్లబడ్డాయి, అంచులవి నల్లగానే ఉన్నాయి. అంటే నిజంగా వాయిస్తున్నాడని అర్థం. కర్రలు ఆరు, టవల్లో చుట్టి.

ల్యాప్‌టాప్ ఉందా అని నేను ప్రత్యేకంగా వెతికాను. లేదు. దాని బదులు లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకం ఒకటుంది, పాట మొదటి లైను, పక్కన శ్రుతి, ఎవరు పాడతారు, ఏ సౌండ్ నంబరు. పేజీ మూలలు నలిగి వంకర్లు తిరిగాయి. అందులో లేని పాట అడిగితే "రాదండీ" అని చెప్పారు, వచ్చీరాకుండా పాడలేదు. మా బావ స్నేహితులకి అది కొంచెం కష్టంగా అనిపించింది. నాకు నచ్చింది.

లోపాలూ ఉన్నాయి, చెప్పాలి. కార్డ్‌లెస్ మైకు ఒకటి రెండుసార్లు కట్ అయింది, బ్యాటరీలు కొత్తవే వేశారు నా కళ్లముందే, అయినా ఫోటోగ్రాఫర్ల వైర్‌లెస్ సామాను దగ్గరికొచ్చినప్పుడల్లా తెగింది. వైరున్న మైకు పక్కనే పెట్టుకున్నారు కాబట్టి పాట ఆగలేదు గానీ, మొదటి నుంచీ దాన్నే వాడుంటే బాగుండేది. బేస్ గిటార్ మొదటి అరగంట మరీ తక్కువగా వినిపించింది, నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది. భోజనాల విరామం ఇరవై నిమిషాలన్నది నలభై అయింది, ఆ గ్యాప్‌లో చాలామంది వెళ్లిపోయారు. రాత్రి పదికి మాత్రం ఠంచనుగా ఆపేశారు. పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి వినిపించేలా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది కదా, ఇంకో రెండు పాటలని మావాళ్లు ఎంత బతిమాలినా మిక్సర్ అతను నవ్వుతూ స్విచ్ తీసేశాడు. పక్క వీధిలో చంటిపిల్లలున్న ఇళ్లున్నాయి, అతను చేసింది సరైన పనే.

మీరు ఎవరినైనా కుదుర్చుకునేటప్పుడు వాళ్లు పంపే వీడియోల మీద పూర్తిగా ఆధారపడకండి, వాటిలో సౌండ్ తర్వాత కలిపి ఉండొచ్చు. వీలైతే వాళ్లు ఇంకెక్కడో చేస్తున్న ప్రోగ్రాంకి రెండు గంటలు ముందుగా వెళ్లండి. స్టేజీ పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. వైరు ఎలా చుడుతున్నారు, మిక్సర్ ఎక్కడ పెట్టారు, తెగితే వేయడానికి ఇంకోటి ఉందా, ఇవి చూడండి. లైట్లు లెక్కపెట్టడం వల్ల నాకైతే ఎప్పుడూ ఉపయోగం కలగలేదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది భోజనాల గ్యాప్‌కి. వచ్చే నవమికి మా ఊళ్లో కమిటీని ఒప్పించి వీళ్లకే 10 వేలు అడ్వాన్స్ ఇచ్చాం. నేను ఒక్క షరతు పెట్టాను, మధ్యాహ్నం మూడింటికల్లా రావాలని. పందిట్లో చైత్రమాసపు ఎండ, ఏసీ లేదు, తబలాలకి ఆ గాలి పట్టడానికి రెండు గంటలైనా కావాలి. తబలా ఆయన ఫోన్లోనే నవ్వి, "రెండింటికే వస్తాం బాబూ, కొంచెం నీడ చూసి ఉంచండి" అన్నారు.