సెకండ్ హ్యాండ్ జాజ్ బేస్‌తో ఏడేళ్లు

డిగ్రీ చదివే రోజుల్లో, అంటే 1998 ప్రాంతంలో, పెళ్లిళ్లకూ వినాయక నవరాత్రులకూ వాయించే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్, అంటే కింది స్థాయి స్వరాలు పలికే గిటార్ పట్టుకునేవాణ్ని. వాయిద్యం ఆర్కెస్ట్రా యజమానిది. ఉద్యోగం వచ్చాక ఆయనకే అప్పగించి వచ్చేశాను. మళ్లీ బేస్ తీగ మీద వేలు పెట్టింది 2018లో. తార్నాకలో ఒక కుర్రాడు పైచదువులకు విదేశాలకు వెళ్తూ అమ్మేస్తున్నాడని తెలిసి పద్నాలుగు వేలకు కొన్నాను. ఆ నాలుగు తీగల బేస్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాదాపు రోజూ వాయిస్తున్నాను. నాలాగా మధ్యలో వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన జాజ్ బేస్ నమూనాలో వేరే కంపెనీ చేసిన వాయిద్యం ఇది. ఈ తరహావి చాలా కంపెనీలు చేస్తాయి కాబట్టి పేరు కన్నా కొలతలే అక్కరకొస్తాయి. పైకొసన తీగలు ఆనే నట్ నుంచి, బాడీ మీద అవి ఆనే బ్రిడ్జ్ వరకు తీగ పొడవు 34 అంగుళాలు. నట్ దగ్గర నెక్ (వాయిద్యం మెడ) వెడల్పు 38 మిల్లీమీటర్లు. 20 ఫ్రెట్లు (నెక్ మీది లోహపు మెట్లు), తీగ కంపనాన్ని అందుకునే రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఒక్కోదానికి ఒక వాల్యూమ్, రెండింటికీ కలిపి ఒక టోన్. బరువు నాలుగు కిలోల పైచిలుకు. సన్నటి బెల్టుతో గంటసేపు నిలబడి వాయిస్తే భుజం పట్టేసేది. మూడంగుళాల వెడల్పున్న తోలు బెల్టు వేశాక ఆ బాధ పోయింది.

ఆ 38 మిల్లీమీటర్ల సంగతి కాస్త చెప్పాలి. ఫెండర్ 1951లోనే తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు నెక్ ఇంతకన్నా వెడల్పుగా ఉంటుంది. కొనే ముందు ఆ తరహాది కూడా ఒక దుకాణంలో అరగంట వాయించి చూశాను. దాని నిండైన ధ్వని నాకు ఎంతో నచ్చింది. కానీ నట్ దగ్గరి ఫ్రెట్లలో లావు తీగను అందుకోవాలంటే మణికట్టు బాగా వంచాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు కంప్యూటర్ కీబోర్డు మీద తప్ప మరెక్కడా ఆడని వేళ్లకు సన్నని నెక్కే నయమనిపించింది. ఆ ఎంపిక సరైనదేనని ఏడేళ్ల తరువాత కూడా అంటాను.

అయినా మొదటి మూడు వారాలు నరకం. వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి, ఎడమ చెయ్యి బొటనవేలి మొదట్లో నొప్పి. వయసు మీద పడింది, ఇక ఈ చేతులతో కాదనుకున్నాను. వాయిద్యాన్ని తిరిగి అమ్మేయడానికి ఫోటోలు కూడా తీశాను. ఎందుకైనా మంచిదని సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒక కుర్రాడికి చూపించాను. అతను వాయించనైనా లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర చిన్న స్టీలు స్కేలు నిలబెట్టి, “సార్, మీ వేళ్లకేమీ కాలేదు. తీగలు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఇలా ఉంటే ఎవరికైనా నొప్పి పుడుతుంది” అన్నాడు.

తరువాత అతను చేసిన పనిని కళ్లప్పగించి చూశాను. లావు తీగను మొదటి ఫ్రెట్ మీద ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోటి ఫ్రెట్ మీద రెండో చేత్తో నొక్కి పట్టుకుని, మధ్యలో తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చమన్నాడు. ఒక కార్డు కాదు, మూడు దూరాయి. ఒకటి మాత్రమే తగిలీ తగలనట్టు దూరాలట. తీగలు కొంచెం వదులు చేసి, నెక్ వంపును సరిచేసే, దాని లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీకి అలెన్ కీ పెట్టి పావు చుట్టు బిగించాడు. మళ్లీ శ్రుతి చేసి, “చెక్క సర్దుకోవాలి సార్, టీ తాగి వద్దాం” అన్నాడు. తిరిగి వచ్చాక ఇంకొంచెం బిగించి, బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెను, అంటే శాడిల్‌ను దించాడు. లావు తీగ ఎత్తు దాదాపు రెండున్నర, సన్న తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లకు వచ్చింది. చివరగా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను ఊరికే తాకి పలికించిన హార్మోనిక్‌నూ, అదే చోట నొక్కి పలికించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాడు. నొక్కిన స్వరం ఎక్కువ శ్రుతిలో ఉంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి. అంతా కలిపి గంటన్నర పని, ఎనిమిది వందల రూపాయలు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి వాయిస్తే నా చేతులు నాకు తిరిగి దొరికాయి. వాయిద్యం బాగా లేదని అమ్మేసేవాళ్లలో ఎంతమంది ఈ ఎనిమిది వందల పని చేయించి ఉంటారా అని అప్పటి నుంచి అనుకుంటూనే ఉంటాను.

ఇప్పుడు ఆ పని నేనే చేసుకుంటున్నాను. ఏడాదికి రెండుసార్లు తప్పదు. వానాకాలంలో నా వాయిద్యానికి తీగలు కాస్త పైకి లేస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి నెక్ అంచున అరచెయ్యి జారిస్తే ఫ్రెట్ల కొసలు గీసుకుంటాయి. చెక్క ఎండి కుదించుకుపోతుంది, లోహం అంతే ఉంటుంది కదా. మొదటి వేసవిలోనే ఆ కొసలను సన్నని ఆకురాయితో నున్నగా రాయించాను.

తీగల విషయంలో నా అభిప్రాయం గట్టిది. మామూలుగా వచ్చే రౌండ్‌వౌండ్ తీగలకు మెలికల గరుకు ఉంటుంది, ధ్వని గలగలమంటుంది. చెమట పట్టే చేతులతో వాయిస్తే మా ఇంట్లో మూడు నెలలకే మొద్దుబారేవి. 2020లో ఫ్లాట్‌వౌండ్ వేశాను. పైన చదునైన రిబ్బను చుట్టి ఉంటుంది కాబట్టి వేలు జారినప్పుడు కీచుమనదు. ఖరీదు రెట్టింపు, నాలుగున్నర వేలు పెట్టాను. ఆ సెట్టే ఇప్పటికీ ఉంది. స్వరం గుండ్రంగా వచ్చి, పాట కింద చాప పరిచినట్టు ఉంటుంది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతి ఇష్టమైనవాళ్లు మాత్రం వీటి జోలికి పోవద్దు.

ఆంప్ (ధ్వనిని పెంచి స్పీకరులో వినిపించే పెట్టె) దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. మామూలు గిటార్ ఆంప్ బేస్‌కూ పనికొస్తుందని ఒక దుకాణంలో చెబితే నమ్మి తెచ్చుకున్నాను. రెండు నెలల్లో స్పీకరు కాగితం చిరిగింది. బేస్ లావు తీగను ఊరికే మీటితే సెకనుకు 41 కంపనాలు. అంత కింది ధ్వనిని మోయడానికి తగ్గట్టు చేసిన స్పీకరు కావాలి. ఫోను స్పీకరులో ఆ స్వరం అసలు వినిపించదు. దానితో పాటు పుట్టే పైస్థాయి హార్మోనిక్‌లు విని మన చెవి ఊహించుకుంటుంది, అంతే. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు మంచి హెడ్‌ఫోన్, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న బేస్ ఆంప్ చాలు.

ఆ హెడ్‌ఫోనే నాకు చదువు చెప్పింది. ఆర్కెస్ట్రా రోజుల్లో పాటకు షడ్జమం, పంచమం కొట్టి తాళం నిలబెడితే పని అయిపోయిందనుకునేవాణ్ని. ఇళయరాజా పాటల్లో బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినడం మొదలుపెట్టాక, గాయకుడు పైన ఒక పాట పాడుతుంటే కింద బేస్ మరో పాట పాడుతోందని తెలిసింది. ఒక్కో పాటకు రెండేసి నెలలు పట్టింది. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి వాయించాలి. అన్నిటికన్నా కష్టమైనది స్వరం పలికించడం కాదు, ఆపడం. వాయించని తీగలు మోగకుండా ఎడమ చెయ్యి ఆనించడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

మార్పుల్లో ఎలక్ట్రానిక్స్ చివర చెప్పుకోవచ్చు. కొన్న మూడేళ్లకు వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 250 కిలో ఓమ్‌ల పాట్లు (వాల్యూమ్ మీటల కింద ఉండే పొటెన్షియోమీటర్లు) అడిగితే, కొట్టాయన “ఏ నా, బీ నా సార్?” అన్నారు. తెల్లమొహం వేశాను. ఏ అంటే లాగ్, బీ అంటే లీనియర్. చెవికి శబ్దం సమంగా పెరిగినట్టు అనిపించాలంటే ఏ తీసుకోవాలని ఆయనే చెప్పారు. మూడు పాట్లు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, రాగి రేకు టేపు, అన్నీ కలిపి నాలుగు వందలు కూడా కాలేదు. లోపలి గుంతంతా రాగి టేపు అంటించి ఎర్త్‌కు కలిపాక బర్రుమనే శబ్దం చాలావరకు పోయింది. సింగిల్ కాయిల్ సహజంగా చేసే హమ్, అంటే గుంయ్‌మనే మోత మాత్రం ఉంది. రెండు పికప్‌లనూ పూర్తిగా పెడితే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకదాన్ని తగ్గించగానే తిరిగి వస్తుంది. వెనక పికప్ ఒక్కటే వాడితే వచ్చే ముక్కుస్వరం నాకు ఇష్టం కాబట్టి ఆ హమ్‌తోనే ఉన్నాను. నచ్చనివాళ్లు ప్రెసిషన్ తరహాది చూడండి. 1957 నుంచి దానికి వస్తున్న చీలిన పికప్‌లో ఈ ఇబ్బంది లేదు.

మధ్యలో 2022లో అయిదు తీగల బేస్ కూడా కొన్నాను. ఇంకా కింది స్థాయి స్వరాలకు మరో లావు తీగ ఉంటే బాగుంటుందనిపించింది. ఎనిమిది నెలల్లో నేను వాయించిన పాటల్లో ఆ తీగ అవసరమైనవి రెండే. నెక్ వెడల్పు పెరగడంతో మణికట్టు మళ్లీ మొదటికొచ్చింది. నష్టానికే అమ్మేసి, ఆ డబ్బుతో ఈ పాత బేస్‌కు కొత్త నట్ వేయించి, అరిగిన మొదటి అయిదు ఫ్రెట్లు మార్పించాను. పోయిన వారం మల్కాజిగిరిలో మిత్రుడి ఇంట్లో నలుగురం కలిసి మూడు గంటలు వాయించాం. చెయ్యి నొప్పి పుట్టలేదు. వచ్చే మార్చిలో మళ్లీ ఒకసారి విజిటింగ్ కార్డు దూర్చి చూడాలి.