ఆన్‌లైన్లో జిజుత్సు: రెండేళ్లు వాడాక నా రివ్యూ

గ్రేసీ కంబేటివ్స్ ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. బ్రెజిలియన్ జిజుత్సులో, అంటే కింద పడ్డాక పట్లతో పోరాడే కుస్తీలాంటి విద్యలో బిగినర్స్ కోర్సు ఇది, మొత్తం 36 టెక్నిక్స్, నేర్పేది ఆ విద్యని తీర్చిదిద్దినవాళ్లలో ఒకడైన ఎలియో గ్రేసీ మనవళ్లు రైరన్, రెనర్. మా ఊళ్లో కరాటే క్లాసులు బోలెడున్నాయి గానీ ఎవడైనా కింద పడేసి మీద కూర్చుంటే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేరు, ఆడపిల్లలకి నిజంగా కావాల్సింది అదే కదా, అందుకే నేనూ మా చెల్లీ కలిసి తీసుకున్నాం.

అన్నిట్లో నాకు బాగా పనికొచ్చింది ట్రాప్ అండ్ రోల్. మనం వెల్లకిలా ఉన్నాం, వాడు పొట్ట మీద కూర్చున్నాడు అనుకోండి, వాడి చెయ్యొకటి గుండెకి అదిమి పట్టేసి, అదే వైపు వాడి పాదాన్ని బయట నుంచి మన పాదంతో లాక్ చేసి, నడుం ఒక్కసారిగా పైకెత్తి ఆ వైపు భుజం మీదుగా దొర్లాలి. ఆనించుకోడానికి వాడికి చెయ్యీ ఉండదు కాలూ ఉండదు, పడాల్సిందే! మా చెల్లి నాకంటే చాలా సన్నం, అయినా నన్ను తిప్పేస్తుంది.

కానీ ఒక్కరే ఉంటే మాత్రం కొనొద్దు. దిండు పెట్టుకుని చేస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఎదుటి మనిషి బలం పెట్టి వదలకుండా ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. మేం ముందు మెల్లగా, తర్వాత సగం బలంతో, ఆ తర్వాతే గట్టిగా చేస్తాం, ట్యాప్ కొట్టిన (ఇక చాలు, వదిలెయ్ అని చేత్తో తట్టిన) వెంటనే వదిలెయ్యాలి, గొంతు పట్లు కీళ్ల పట్లు దగ్గర ఇందులో రాజీ లేదు. ఉత్త టైల్స్ మీద వద్దు, మ్యాట్లు కొనుక్కోండి.

ఇదంతా చేతిలో ఆయుధం లేని ఒక్క మనిషి కోసమే. ఇద్దరు ముగ్గురుంటే కింద ఉండిపోవడం ప్రమాదం, కత్తి ఉంటే పర్సు ఇచ్చేసి పరిగెత్తడమే, కత్తి లాక్కోవడం నిమిషంలో నేర్పే రీల్స్ అస్సలు నమ్మొద్దు. విడిపించుకున్నాక కూడా కూర్చుని కొట్టక్కర్లేదు, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి గానీ అవసరమైనంత వరకే, బయటపడి 112కి కాల్ చెయ్యడమే మంచిది.

ఈమధ్య మా పిన్ని కూతురు కూడా వస్తోంది, టెన్త్ చదువుతోంది. దానికి ముందుగా మణికట్టు విడిపించుకోవడం నేర్పుతున్నాం, పట్టుకున్నవాడి బొటనవేలు ఎటుందో అటే లాగాలి, పట్టు అక్కడే వదులుగా ఉంటుంది.