టెక్సాస్‌లో కొత్తవాళ్లకు కారు ఇన్సూరెన్స్: డ్రైవింగ్‌ను గమనించే యాప్ ఎంతవరకు మేలు?

ఇండియాలో ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమ్ లేకుండా నడిపి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ దాకా వచ్చినవాళ్లైనా, డాలస్‌లో దిగితే నిన్న లైసెన్స్ తీసుకున్న కుర్రాళ్ల లెక్కే. ఆన్‌లైన్ కోట్ ఫారంలో ఆ బోనస్ గురించి అడిగే గడే ఉండదు. అయినా ఇండియాలో కారు అమ్మేటప్పుడు ఆ బోనస్ ఉందని చెప్పే లెటర్ తీసుకోండి, మూడేళ్లలోపు తిరిగి వెళ్లి కారు కొంటే పనికొస్తుంది. టెక్సాస్‌లో రేటు కట్టడానికి క్రెడిట్ చరిత్ర (అప్పులు, కార్డు బిల్లులు కట్టిన రికార్డు) కూడా చూస్తారు. కొత్తవాళ్లకు అదీ ఉండదు.

అందుకే ఫోన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ యాప్ పెట్టుకుని, నడిపే తీరును బట్టి డిస్కౌంట్ తీసుకునే పద్ధతి నాకు నచ్చింది. మన కాగితాలు కాక, మన బ్రేకు చూసి రేటు కట్టేది అదొక్కటే. చాలాకాలంగా వాడుతున్నా, ఇప్పటికీ తీసేయాలనిపించలేదు. ఒక్క విషయంలో మాత్రం ఒళ్లు మండుతుంది.

స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో ఆ యాప్‌కు తెలియదు. ఫోన్ కారు వేగంతో కదిలితే చాలు, నడిపేది మనమే అనుకుంటుంది. ఆఫీసు కార్‌పూల్, ఊబర్, ఫ్రెండ్ కారులో ఇండియన్ స్టోర్‌కు వెళ్లడం, అన్నీ మన ఖాతాలోనే. పక్క సీట్లో కూర్చుని వాట్సాప్ చూసుకుంటే ‘డ్రైవింగ్‌లో ఫోన్ వాడకం’ అని మార్కు పడుతుంది. అవతలివాళ్ల సడన్ బ్రేకులూ మనకే. నా పాలసీలో రెన్యువల్ లెక్క కట్టేశాక పాత ట్రిప్పులను ఎవరూ మార్చరు, కాల్ సెంటర్‌లో ఎంత మొత్తుకున్నా అదే మాట. కాబట్టి వారానికోసారి ట్రిప్పుల జాబితా తెరిచి, మీరు నడపని ప్రతిదాన్నీ ‘ప్యాసింజర్’గా మార్చండి. యాప్‌ను మీ కారు బ్లూటూత్‌తో జత చేసే వీలుంటే, లేదా అద్దానికి అంటించే చిన్న ట్యాగ్ ఇస్తామంటే, ముందు ఆ పని చేయండి. ఈ గోల చాలావరకు తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ను నిద్రపుచ్చకుండా చూసుకోండి, లొకేషన్ ‘ఎల్లప్పుడూ’ అని ఉండాలి. లేకపోతే ట్రిప్పులు నమోదు కావు, డిస్కౌంట్ రాదు.

బ్రేకు సంగతి నేర్చుకుంటే వచ్చేదే. ఒక్క సెకనులో వేగం గంటకు 7 మైళ్లు పడిపోతే హార్డ్ బ్రేక్‌గా (గట్టిగా బ్రేకు తొక్కినట్టు) రాసే యాప్‌లు ఉన్నాయి. అంటే గంటకు 45 మైళ్ల వేగం నుంచి 6 సెకన్లలో ఆగితే మార్కు పడుతుంది, 8 సెకన్లు తీసుకుంటే పడదు. సిగ్నల్ చాలాసేపటి నుంచి గ్రీన్‌లో ఉందంటే దగ్గరికి రాకముందే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయాలి. ముందు కారుకు అంటుకుని వెళ్లే మన అలవాటు ఇక్కడ ఖరీదైనది. అర్ధరాత్రి దాటాక నడపడాన్నీ చెడుగానే లెక్కిస్తారు, అమ్మానాన్నల ఫ్లైట్ రాత్రి ఒంటిగంటకు దిగుతుందని దానికేం తెలుసు!

ప్రీమియం తగ్గిందంతా ఈ యాప్ పుణ్యమే అనలేను. ఆరు నెలల పాలసీలు గడిచేకొద్దీ లైసెన్స్ పాతబడుతుంది, క్రెడిట్ కార్డు చరిత్ర పెరుగుతుంది, వాటి వాటా ఎంతో విడదీసి ఎవరూ చెప్పరు. చేరగానే ఇచ్చే డిస్కౌంట్ రెన్యువల్‌లో మారిపోతుంది కూడా. నడిపే తీరు బాగోలేకపోతే రేటు పెంచే కంపెనీలున్నాయి, తగ్గించడమే తప్ప పెంచనివీ ఉన్నాయి. చేరేముందు ఏజెంట్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

పగలు ఆఫీసుకు వెళ్లి వచ్చే ఒంటరి డ్రైవర్‌గా నాకు గిట్టుబాటైంది. నైట్ షిఫ్టులవాళ్లకు, ఇంట్లో ఇంకొకరు అదే కారు మీద అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు గిట్టకపోవచ్చు. ఒకటి మాత్రం ఎవరికైనా చెబుతాను. మిగిలిన డబ్బుతో లయబిలిటీ, అంటే మన తప్పుతో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే కవరేజీ, పెంచుకోండి. టెక్సాస్ కనీసం 30/60/25, అంటే వేల డాలర్లలో ఒక్కరి గాయాలకు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు, ఆస్తి నష్టానికి వరుసగా ఉన్న పరిమితులు. అందులో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఉన్నది 25,000 డాలర్లే, కొత్త ఎస్‌యూవీ ఒక్కటి ధ్వంసమైతే అది చాలదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఈ సమీక్షతో పనిలేదు, అక్కడ క్రెడిట్ స్కోరు చూడరు, బ్రేకులు లెక్కపెట్టి రేటు కట్టడమూ కుదరదు.