లంకమల అంచున ఫీల్డ్ స్టేషన్‌లో వాలంటీరు పని: నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. ఈ స్టేషన్ వాళ్ళు వెతుకుతున్న అరుదైన పిట్ట కలివికోడిని (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్) కళ్ళారా చూద్దామనే ఆశతో అయితే ఇక్కడికి వెళ్ళొద్దు. నేను చూడలేదు, నాతో ఉన్నవాళ్ళెవరూ చూడలేదు. అడుగుజాడలు చదివి ఏ ప్రాణివో చెప్పే ట్రాకర్లలో, ఆ పొదల్లోనే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా కొందరే చూశారు, అదీ చాలా ఏళ్ళ కిందట. అయినా నేను ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ఇలాంటి పనికి బెంగళూరు, పుణె నుంచి పిల్లలు వస్తున్నారు కానీ మన కడప జిల్లా వాళ్ళు తక్కువ కనబడ్డారు. వాళ్ళ కోసమే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను మైదుకూరు వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళాను. స్టేషన్ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. బయట రాయొద్దని వాళ్ళు అడిగారు, ఆ అడగడం న్యాయమే. ఫలానా పొదల్లో వెతుకుతున్నారని తెలిస్తే కెమెరాలు వేసుకుని జనం దిగుతారు. పైగా అది ఎర్రచందనం ఉన్న అడవి. సిద్ధవటం, బద్వేలు మధ్య లంకమల కొండల పాదాల దగ్గర అనుకోండి చాలు. నాకు యూనివర్సిటీలో చదువుకున్నప్పటి స్నేహితురాలి ద్వారా తెలిసింది. మీకు దగ్గర్లోని కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటులో అడిగితే దారి చూపించేవాళ్ళు దొరుకుతారు. అభయారణ్యం లోపల అడుగుపెట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఆ కాగితాలు స్టేషన్ వాళ్ళే చూసుకున్నారు, నేను ఆధార్ కాపీ, ఫోటోలు ఇచ్చానంతే.

ఈ పిట్ట కథ తెలియనివాళ్ళకు రెండు మాటలు. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కింది. 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాసుకున్నాక మళ్ళీ ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతూ వస్తే, రాత్రిపూట అడవిలో తిరిగే స్థానికుడొకాయన ఆ పిట్టను పట్టి చూపించాడు. శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్ళకు పైగా లేదనుకున్న పిట్ట మన ఊళ్ళవాళ్ళకు తెలుసన్నమాట. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడిందే దీని కోసం. తర్వాత తెలుగుగంగ కాలువ ఈ పొదల మీదుగా పోకుండా దారి మళ్ళించారు. ఇంత జరిగినా, 2000ల చివరి నుంచి ఏళ్ళ తరబడి దాని ఫోటో ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. స్టేషన్ పనంతా ఈ వెతుకులాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక పని సంగతి. నాకు బాగా నచ్చింది మట్టిపట్టీలు. అడవిలో మేకలు నడిచే సన్నదారుల మీద, పొదల మధ్య ఖాళీల్లో, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని 5 మీటర్ల పొడవున పరుస్తారు. సాయంత్రం కట్టెతో నున్నగా సవరించి వస్తాం. రాత్రి దాని మీద ఏది నడిచినా పొద్దునకు అడుగులు పడి ఉంటాయి. వినడానికి చాలా తేలిక. ఆ అడుగులు చదవడం మాత్రం చదువే.

మా జట్టుకు ట్రాకర్‌గా వచ్చిన పెద్దాయన అరవై దాటినవాడు. పొద్దున ఇంకా వెలుతురు సరిగా రాకముందే బయల్దేరదీసేవాడు. ఎందుకింత తొందర అంటే, "ఎండ నెత్తికొస్తే అడుగులు కనపడవు మేడం. పొద్దు వారగా ఉన్నప్పుడే నీడ పడతాది. ఇంకాసేపైతే మేకలొస్తాయి, అంతా తొక్కేస్తాయి" అన్నాడు. పట్టీకి ఎదురుగా, సూర్యుడు మనకు ముందువైపు ఉండేలా కూర్చోబెట్టాడు. నిలబడి చూస్తే మట్టి మట్టిలాగే ఉంది. గొంతుక్కూర్చుని చూసేసరికి ఒక్కో గుంట అంచున సన్నటి నీడ తేలింది. ఒక వరస కుందేలిది. ఒకటి ముళ్ళపంది, ముళ్ళు ఈడ్చుకుపోయిన గీతలతో సహా. మధ్యలో ఒక పిట్ట అడుగులు.

"ఏళ్ళు లెక్కపెట్టండి" అన్నాడు.

ముందు మూడు. వెనక వేలి గుర్తు లేదు. నా గుండె ఒక్కసారి ఝల్లుమంది, ఎందుకంటే కలివికోడికి వెనక వేలు ఉండదని ముందురోజు పాఠంలో విన్నాను. కౌజు పిట్టకైతే ఉంటుంది, అడుగు వెనక చుక్కలా పడుతుంది.

"అదేనా పెద్దాయనా?"

"కాదు మేడం. దానికంత పెద్ద కాలు ల్యా. ఇది రేత్రిపూట అరుస్తాది సూడు, పెద్దకండ్ల పిట్ట, దాంది. దానికీ యెనక ఏలుండదు. అందుకే ఏళ్ళు సూస్తే సాలదు, కొలవాల."

స్టోన్ కర్ల్యూ అని మేం పుస్తకాల్లో చదువుకునే పిట్ట అది. స్కేలు పెట్టి కొలిచి, పక్కన స్కేలుతోనే ఫోటో తీసి, ఫారంలో రాశాం. కొలత కూడా ఆయన చెప్పిన వైపే తేలింది. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నాకు, అనుకూలనం అనే పాఠాన్ని నేలమీద అచ్చుపడ్డట్టు చూపించిన పొద్దు అది. పరిగెత్తే పిట్టలకు వెనక వేలు ఎందుకు పోయిందో ఇక మా పిల్లలకు బోర్డు మీద బొమ్మగీసి ఊరుకోను.

ఇక్కడి శాస్త్రవేత్త దగ్గర నాకు నచ్చిన పట్టుదల ఒకటుంది. ఏ గుర్తూ లేని పట్టీకి కూడా ఫారం నింపాలి. తారీఖు, టైము, గాలి, మంచు, మట్టి గట్టిపడిందా లేదా, అన్నీ రాసి చివర సున్నా వేయాలి. చూసి ఏమీ లేకపోవడం వేరు, అసలు చూడకపోవడం వేరు. గడి ఖాళీగా వదిలేస్తే రెండూ ఒకటైపోతాయి. ఎన్ని పట్టీలు, ఎన్ని రాత్రులు చూసినా రాలేదో కచ్చితంగా తెలిస్తేనే, ఈ జాగాలో పిట్ట లేదని ఎంత నమ్మకంగా చెప్పొచ్చో లెక్క తేలుతుంది. ఆ లెక్క మీదే రేపు ఒక పొదలతోటను కాపాడాలా, వెతుకులాట ఇంకో చోటికి మార్చాలా అన్నది నిర్ణయమవుతుంది. కాబట్టి సున్నాలు రాసేటప్పుడు నాకు విసుగనిపించలేదు. నాతో వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడు మొదట్లో నిరాశపడ్డాడు కానీ, ఈ సంగతి అర్థమైనాక అందరికన్నా శ్రద్ధగా రాసింది వాడే.

సాయంత్రాలు వినడం. ఈ పిట్ట పొద్దుగూకిన ముప్పావుగంటకు అటూ ఇటూగా కాసేపు పిలుస్తుందట, రెండు స్వరాల పిలుపు. 2001లో మొదటిసారి దాని గొంతు రికార్డు చేశాకే అది కలివికోడి పిలుపని గట్టిగా తెలిసింది. టార్చీలు ఆర్పేసి, ఒకరికొకరం దూరంగా, కదలకుండా కూర్చోవాలి. ఫోన్లు స్టేషన్‌లోనే పెట్టి రావాలి. నైట్‌జార్‌లనే రాత్రి పిట్టలు అరుస్తాయి, దూరంగా నక్కలు, ఊరి గుడి మైకు. రికార్డింగ్ వినిపించి పిట్టను రప్పించే పని వాలంటీర్లకు ఇవ్వరు. అస్తమానం దాని పిలుపు వినిపిస్తే ఉన్న పిట్ట కాస్తా కలతపడుతుంది. ఆ విషయంలో వాళ్ళు కచ్చితంగా ఉండటం నాకు గౌరవం కలిగించింది.

పొదలు లెక్కపెట్టే పని మాత్రం ఒళ్ళు హూనం చేస్తుంది. తాడు పట్టి గడి గీసి, అందులో రెండు మీటర్లకు పైబడిన పొదలెన్ని, తక్కువవి ఎన్ని అని లెక్క. రేగు, తుమ్మ, కలివి ముళ్ళు చేతులంతా గీరేస్తాయి. ఎందుకింత కష్టమంటే, గతంలో జరిగిన పరిశోధనలో ఈ పిట్ట అడుగులు ఎక్కువగా దొరికింది హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోట, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోట. అంటే మరీ చిక్కటి అడవి పనికిరాదు, మరీ బోడి నేలా పనికిరాదు. మధ్యస్థంగా ఉండాలి. మేకలు అసలు రాకపోతే పొదలు కమ్ముకుంటాయి, కట్టెలు మరీ కొట్టేస్తే మిగలవు, నిమ్మతోటకని చదును చేస్తే మొత్తానికే పోతుంది. మన జిల్లాలో పనికిరాని కంప అని వదిలేసే నేల మీద ఇంత లెక్క ఉందని ఊళ్ళో నలుగురికీ చెప్పాలనిపించింది, చెబుతూనే ఉన్నాను.

వసతి గురించి క్లుప్తంగా. ఆడవాళ్ళకు ఒక గది, మగవాళ్ళకు ఒక గది, నేలమీద పరుపులు, దోమతెరలు. శుభ్రంగా ఉంచారు. భోజనానికి రోజుకు కొంత కట్టాలి, ఎక్కువేమీ కాదు. వంట పక్క ఊరి అక్క చేస్తుంది. రాగిసంగటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, పొద్దున ఉగ్గాని. బయటి రాష్ట్రం పిల్లలు సంగటి ముద్ద రెండోసారి అడిగి తిన్నారు. కరెంటు పోతుంటుంది. స్నానాలగది ఒక్కటే, లోపల గడియ సరిగా పడదు. ఆడపిల్లలు వచ్చే చోట ఇది చిన్న విషయం కాదు. వెళ్ళగానే చెప్పాను, నేను తిరిగొచ్చేదాకా బాగుచేయలేదు. అరమార్కు తగ్గించడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఫారంలో 'గుర్తించినవారు' అని ఒక గడి ఉంది. అందులో వాలంటీరు పేరే రాయిస్తున్నారు. ఫారం ఇంగ్లీషులో ఉంది, పెద్దాయనకు చదవడం రాదు, కాబట్టి ఎవరు నింపితే వాళ్ళ పేరు. కానీ గుర్తించింది ఎవరు? ఆ అడుగు స్టోన్ కర్ల్యూదని నాకు చెప్పింది ఎవరు? 1986లో ఈ పిట్ట బతికే ఉందని లోకానికి తెలిసింది ఇలాంటి ఒక మనిషి కళ్ళవల్లే. ఇప్పుడూ స్టేషన్ నడుస్తున్నది ఇలాంటివాళ్ళ కళ్ళమీదే. రోజుకూలి సరిగానే ఇస్తున్నారు, ఆ మాట ఆయనే చెప్పాడు. అది చాలదంటాను. నేను నింపిన ప్రతి ఫారంలో ఆయన పేరే రాశాను. అక్కడి ఇన్‌చార్జి అమ్మాయితో మాట్లాడితే కాదనలేదు. ట్రాకర్ పేరుకు వేరే గడి పెట్టి, ఫారం తెలుగులో కూడా వేస్తామంది. తెలుగు చేసిపెట్టే పని నేనే తీసుకున్నాను, పూర్తిచేసి పంపాను కూడా. మీరు వెళ్ళేసరికి ఆ గడి లేకపోతే దయచేసి అడగండి. ఒకరు అడిగితే మర్చిపోతారు, వచ్చిన ప్రతివాళ్ళూ అడిగితే మారుతుంది.

ఎవరు వెళ్ళొచ్చు? డిగ్రీ పిల్లలు, టీచర్లు, ఓపికున్నవాళ్ళు ఎవరైనా. ఫోటోల కోసమైతే వద్దు. చిన్నపిల్లలతో వద్దు. డాక్టరు మందులు రోజూ వాడేవాళ్ళు ముందే చెప్పండి, ఆసుపత్రి దగ్గర్లో లేదు. పింజర్లున్న నేల, పాము కరిస్తే ఎవరిని పిలవాలో, ఏ బండి వస్తుందో మొదటి పూటే చెప్పారు. రాత్రిపూట ఒంటరిగా గేటు దాటనివ్వరు. వానలు తగ్గాక చలికాలంలో వెళ్ళడం మేలు, ఎండాకాలం ఆ రాళ్ళ మీద నడవలేరు. చీలమండ పైదాకా వచ్చే బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కాలు, మంచి టార్చి, ముళ్ళు తీసుకునే పట్టకారు తీసుకెళ్ళండి. బద్వేలు బస్సు దిగాక నడవాల్సిన దూరం ఎక్కువే. దిగే ముందు ఫోన్ చేస్తే మోటార్‌సైకిల్ పంపిస్తారు, చీకటి పడకముందే చేరేలా చూసుకోండి.