నీలి విత్తనాలని కొన్నాను, శంఖపుష్పం మొలిచింది: కొనేముందు జాగ్రత్త

ఇంట్లోనే రంగు మొక్కలు పెంచి నూలుకు అద్దకం వేసుకుందామని ఆన్‌లైన్లో విత్తనాలు కొంటున్నారా? నా కథ విని అప్పుడు కొనండి. డబ్బు పోతే పోయింది, మూడు నెలలు నీళ్లు పోసిన ఒళ్లు నొప్పి మాత్రం ఇంకా తీరలేదు.

ప్రకటనలో 'అసలైన నీలి మొక్క, నూలుకు సహజ నీలం' అని రాశారు. పక్కన పెద్ద నీలం పువ్వు ఫొటో. అక్కడే నాకు తట్టాల్సింది. నీలి మొక్కకు నీలం పువ్వులు పూయవు! చిన్న చిన్న గులాబీరంగు పూలు గుత్తులుగా వస్తాయి. రంగంతా ఆకులో ఉంటుంది.

పొట్లం విప్పితే చిక్కుడుగింజ ఆకారంలో, మచ్చలున్న నల్లటి గింజలు. నీలి గింజ ఆవగింజ కంటే ఏమంత పెద్దది కాదు. అది నాకు తర్వాత తెలిసింది. మొలకలు చూసినా అనుమానం రాలేదు, రెండూ చిక్కుడు కుటుంబానివే, రెండింటికీ జంటలు జంటలుగా చిట్టి ఆకులే. గుబురు పొదగా పెరగాల్సింది కాస్తా పక్క కుండీలోని కర్రను పట్టుకుని పాకడం మొదలెట్టింది. ఇంకొన్నాళ్లకు పువ్వు విచ్చుకుంది. శంఖపుష్పం.

అమ్మినవాళ్లకు ఫొటో పంపితే వచ్చిన జవాబు: "పువ్వు నీలమే కదండీ."

సరే, పూసినవి ఎందుకు వదలాలని పూలు కోసి మరిగించాను. 100 గ్రాముల ఉన్ని నూలుకు 12 గ్రాముల పటిక పట్టించి అందులో ముంచితే, నిజం చెప్పాలి, చిలప (నూలు కట్ట) చాలా అందంగా వచ్చింది. ఒక కొసన వెనిగర్ చుక్క వేశాను. ఊదాగా మారి గులాబీ వైపు తిరిగింది. మిగతాది కిటికీ దగ్గర వేలాడదీస్తే పది రోజుల్లో ఎండ తగిలిన వైపు బూడిదరంగుకు దిగిపోయింది, ముడి కింద దాగిన చోట మాత్రం నీలం అలాగే ఉంది. ఆ పూల రంగు పుల్లదనానికీ ఎండకూ నిలవదు. దానితో స్వెటర్ అల్లితే ఏమయ్యేదో ఊహించుకోండి.

కాబట్టి డబ్బు కట్టేముందు శాస్త్రీయ నామం రాసివ్వమని అడగండి. నీలికి ఇండిగోఫెరా టింక్టోరియా. రెండో మాట 'టింక్టోరియా' అంటే అద్దకానికి వాడేదని అర్థం, కుసుమ పేరులోనూ 'టింక్టోరియస్' అని ఉంటుంది. అలాగని ఆ మాట లేనివన్నీ దొంగవి కావు, వేరు నుంచి ఎర్రరంగునిచ్చే మన మంజిష్ఠ రూబియా కార్డిఫోలియానే. పేరు అడిగితే "అన్నీ ఒకటేనండీ" అన్నారంటే అక్కడితో ఆపేయండి. జపాన్ నీలి (అదీ నీలం రంగునిచ్చేదే, కానీ వేరే మొక్క) కొంటుంటే గింజ ఏ ఏడాదిదో కూడా అడగాలి, అది ఏడాది దాటితే సరిగా మొలవదు. మంజిష్ఠ మొక్క అమ్ముతూ ఆరు నెలల్లో ఎర్రరంగు అన్నవాళ్లను అసలు నమ్మకండి. వేరు ముదిరి రంగు పట్టడానికి మూడేళ్లు చూడాలి.

పొడి కొనేవాళ్లకు ఇంకో తిరకాసు. జుట్టుకు పెట్టుకునే నీలి ఆకు పొడి వేరు, అద్దకం తొట్టిలో వేసే నీలిమందు వేరు. మొదటిది ఆకుపచ్చగా ఉంటుంది, రెండోది ముదురు నీలం. రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తున్నారు.

మొక్క ఇప్పటికే పెరిగిపోయిందా? గుప్పెడు ఆకులు సీసాలో వేసి గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. ఆకు తీసేసి చిటికెడు సున్నం వేసి బాగా గిలకొట్టండి. అసలైన నీలి అయితే నురగ నీలంగా తేలుతుంది. ఆకు ఉడికించి నీలం రాలేదని కూర్చోకండి, అది ఆ పద్ధతిలో రాదు.

నా డబ్బు తిరిగి రాలేదు. ఆ ప్రకటన ఇప్పటికీ అదే పువ్వు ఫొటోతో ఉంది, కింద ఒకావిడ "మొలకలు చక్కగా వచ్చాయి" అని అయిదు స్టార్లు ఇచ్చారు. ఆవిడకింకా పూయలేదు కాబోలు.