మ్యాజిక్ ప్రాపర్టీలకు డాక్‌బ్లాక్ మేలా, హెల్పర్ ఫైలు చాలా?

లారావెల్ (పీహెచ్‌పీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) పని చేసే గుంటూరు, బెజవాడ కుర్రాళ్లు పదేపదే అడిగే ప్రశ్నే ఇది. మ్యాజిక్ ప్రాపర్టీలంటే క్లాసులో రాయకుండానే కోడ్ నడిచేటప్పుడు దొరికేవి. వాటి పేర్లు, టైపులు క్లాసు పైన కామెంటుగా రాస్తే అది డాక్‌బ్లాక్. అదే సమాచారంతో ఐడీఈ-హెల్పర్ అనే ప్యాకేజీ తయారుచేసేది హెల్పర్ ఫైలు. మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్టు బిల్లింగ్ అనుకోండి. లాట్ మోడల్‌కు (లాట్ల టేబుల్‌కు ప్రతినిధిగా ఉండే క్లాసు) టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, క్వింటా రేటు కాలమ్‌లు. మొత్తం మాత్రం యాక్సెసర్ అనే మెథడ్ లెక్కగట్టి ఇస్తుంది. ఇవేవీ క్లాసులో కనపడవు. 'రేటు'లో అక్షరం తప్పు కొట్టినా, స్ట్రిక్ట్ మోడ్ పెట్టకపోతే ఎలోక్వెంట్ (లారావెల్‌లో డేటాబేసు పని చూసే భాగం) చప్పుడు చేయకుండా నల్ ఇస్తుంది.

'పబ్లిక్ అని డిక్లేర్ చేస్తే పోలా?' మోడల్‌లో ఆ పని చేయొద్దు. అసలు ప్రాపర్టీ ఉంటే పీహెచ్‌పీ మ్యాజిక్ గెట్‌ను (లేని ప్రాపర్టీ అడిగితే నడిచే __get మెథడ్‌ను) పిలవదు. టేబుల్‌లో 18500 ఉన్నా తెర మీద ఖాళీ. కొత్త రేటు పెట్టి సేవ్ చేసినా టేబుల్‌కు చేరదు. మోడల్ కాని సొంత క్లాసుల్లో డిక్లేర్ చేయడమే దారి, లెక్కగట్టేవాటికి పీహెచ్‌పీ 8.4 ప్రాపర్టీ హుక్స్ (ప్రాపర్టీలోనే రాసే గెట్, సెట్ కోడ్) ఉన్నాయి. అక్కడా మ్యాజిక్ గెట్టే కావాలంటే ఈజ్‌సెట్ (__isset) మెథడ్ కూడా రాయండి, లేకపోతే ఎంప్టీ చెక్ ఎప్పుడూ 'ఖాళీ' అనే చెబుతుంది.

ఐడీఈ-హెల్పర్ విడి ఫైలు ఎడిటర్ సూచనల వరకు బాగుంటుంది. కానీ చాలాచోట్ల దాన్ని గిట్‌లో పెట్టరు, కాబట్టి పక్క సీటువాడికి అందదు. పైగా కాలమ్‌లను డేటాబేసు నుంచి చదువుతుంది. మైగ్రేషన్ (టేబుల్‌ను మార్చే స్క్రిప్టు) నడపని మెషీన్‌లో కొత్త కాలమ్ రానే రాదు.

నా ఓటు క్లాసు పైన ఉండే డాక్‌బ్లాక్‌కే: టిక్కీలకు ప్రాపర్టీ ట్యాగు, మొత్తానికి ప్రాపర్టీ-రీడ్ (చదవడానికి మాత్రమే). కోడ్ మార్పు, డాక్ మార్పు ఒకే కమిట్‌లో కనపడతాయి.

అసలు తేడా వచ్చేది మాత్రం టైపు దగ్గర. క్వింటా రేటు డెసిమల్ కాలమ్ కదా అని ఫ్లోట్ రాసేస్తారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు నుంచి పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేసుకు కలిపే భాగం) దాన్ని స్ట్రింగ్‌గానే తెస్తుంది, ఎలోక్వెంట్ డెసిమల్ కాస్ట్ (టైపు మార్పిడి) ఇచ్చేదీ స్ట్రింగే. స్ట్రిక్ట్ టైప్స్ (టైపును తనంతట తాను మార్చనివ్వని సెట్టింగు) పెట్టిన ఫైల్లో ఫ్లోట్ అడిగే ఫంక్షన్‌కు ఇస్తే టైప్ ఎర్రర్. పీహెచ్‌పీస్టాన్ (కోడ్ నడపకుండానే తప్పులు పట్టే టూల్) ముందే చెప్పాల్సింది, కానీ మీ డాక్‌ను నమ్మి ఊరుకుంటుంది. స్ట్రింగ్ అని రాసి ఉంటే అక్కడే పట్టేది. నల్ రాగల కాలమ్‌కు నల్ చేర్చకపోయినా ఇదే గతి.

హెల్పర్‌తోనే డాక్‌బ్లాక్ రాయించుకోవచ్చు, డబ్ల్యూ (-W) ఆప్షన్ ఉంది. అది కొత్త కాలమ్‌లను చేరుస్తుందే గానీ, మారిన టైపును దిద్దదు. దిద్దాలంటే పెద్ద ఆర్ (-R) ఆప్షన్ ఇవ్వొచ్చు, కానీ అప్పుడు మీరు చేత్తో రాసుకున్న వివరణలు కూడా పోతాయి.