బ్రాడ్‌వే జూనియర్ షోకిట్: పిల్లల చేత మ్యూజికల్ ఆడించేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లలకు వృత్తి నాటకరంగాన్ని, అందులోనూ మ్యూజికల్‌ని, అంటే పాటలూ డాన్సులతో నడిచే నాటకాన్ని, పరిచయం చేయాలంటే టికెట్టు కొని తీసుకెళ్ళి చూపించడం ఒక దారి, వాళ్ళ చేతే ఒకటి ఆడించడం ఇంకో దారి. రెండో దారి పట్టేవాళ్ళలో చాలామంది చేతికి వచ్చేది బ్రాడ్‌వే జూనియర్ షోకిట్. బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో పెద్ద వృత్తి నాటకశాలలున్న ప్రాంతం. దీన్ని ఇచ్చేది మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, పొట్టిగా ఎంటీఐ. స్వరకర్త ఫ్రాంక్ లెస్సర్, ఆర్కెస్ట్రా కూర్పరి డాన్ వాకర్ కలిసి 1952లో పెట్టిన సంస్థ ఇది. మ్యూజికల్స్ ఆడుకునే హక్కులు ఇవ్వడమే దాని పని. రెండున్నర గంటల పెద్దల మ్యూజికల్‌ని గంటకు కుదిస్తే అది ‘జూనియర్’ షో, అరగంటకు కుదించి ఇంకా చిన్నపిల్లలకు అనువుగా మలిస్తే ‘కిడ్స్’ షో. మొత్తం మీద కిట్ కొనదగ్గదే. వృత్తి నాటకం ఎంత పద్ధతిగా నడుస్తుందో పిల్లలకు చూపించడంలో దీనికి మంచి మార్కులు వేస్తాం. రికార్డు చేసిన వాద్యసంగీతం మీద అంతా ఆధారపడటం దగ్గర మాత్రం మార్కులు తగ్గిస్తాం.

కిట్‌లో ముఖ్యమైనవి: డైరెక్టర్ గైడ్, నటుల స్క్రిప్టులు 30, పియానోతో కూడిన స్వరలిపి, రెండు రకాల ఆడియో ట్రాకులు, డాన్స్ వీడియోలు. ఆడియోలో ఒక రకానికి గొంతు ఉంటుంది, అది నేర్చుకోవడానికి. రెండో రకంలో వాద్యాలు మాత్రమే ఉంటాయి, అది ప్రదర్శనకు. వీటిలో డైరెక్టర్ గైడ్ అన్నిటికన్నా బాగుంది. సంభాషణ పక్కనే ఎక్కడ ఏ ట్రాక్ మొదలవ్వాలో, ఎవరు ఎటు నుంచి రావాలో సూచనలుంటాయి. ఇంతకుముందు ఎప్పుడూ నాటకం వేయించని టీచరు కూడా దీన్ని పట్టుకుని పని మొదలుపెట్టవచ్చు. పూర్తి నిడివి మ్యూజికల్స్‌కి అద్దెకిచ్చే స్క్రిప్టుల మీద పెన్సిల్‌తోనే రాసుకుని, చెరిపి తిరిగి పంపాల్సి ఉండేది. ఈ కిట్ పుస్తకాలు మాత్రం పిల్లల దగ్గరే ఉండిపోతాయి. అయినా పెన్సిలే వాడించండి. బ్లాకింగ్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలన్నది, రిహార్సల్స్‌లో నాలుగైదుసార్లు మారుతుంది. పెన్నుతో రాస్తే ఆఖరి వారానికి ఆ పేజీ చదవడానికి పనికిరాదు.

కొనే ముందు లైసెన్సు షరతులు చదవాలి. వాటిని పిల్లలకు కూడా చదివి వినిపించాలని మా సలహా. ఒప్పందం కుదరకముందే షో పేరు ప్రకటించకూడదు. మాట మార్చకూడదు, పాట తీసేయకూడదు, వేరే పాట ఇరికించకూడదు. మార్పు కావాలంటే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. పోస్టరు మీదా కరపత్రం మీదా రచయిత, స్వరకర్తల పేర్లు ఒప్పందంలో చెప్పిన తీరులోనే వేయాలి. బ్రాడ్‌వే ప్రదర్శన లోగో ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని పోస్టరుకు అతికించకూడదు. వీడియో తీయడానికి విడిగా అనుమతి ఉండాలి, కొన్ని షోలకు అది అసలు దొరకదు. తల్లిదండ్రులతో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ప్రదర్శన రోజు తలుపు దగ్గర చెబితే ఎవరూ వినరు, మొదటి సమావేశంలోనే చెప్పేయండి. అడిగిన షోకి హక్కులు దొరకని సందర్భాలూ ఉంటాయి. దగ్గర్లో అదే మ్యూజికల్‌ని వృత్తి బృందం ఆడుతుంటే ఆపవచ్చు. అందుకే రెండో ఎంపిక కూడా రాసిపెట్టుకోండి. ఒక పాట వెనక రాసినవాళ్ళు, స్వరపరిచినవాళ్ళు, వాళ్ళ జీవనోపాధి ఉన్నాయని పిల్లలకు అర్థమయ్యే చోటు ఈ షరతుల కాగితమే. అందుకే దాన్ని ఆఫీసు పనిగా పక్కన పెట్టకండి.

ఇక ట్రాకుల సంగతి. నాణ్యత బాగుంటుంది, పిల్లలకు వినగానే ఉత్సాహం వస్తుంది. చిక్కేమిటంటే ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. వృత్తి మ్యూజికల్‌లో కండక్టరు వేదికను చూస్తూ ఉంటాడు. నటుడు మాట మరిచినా, తలుపు తెరుచుకోకపోయినా ఆర్కెస్ట్రా రెండు మూడు బార్లను (స్వరలిపిలో తాళం ప్రకారం విడగొట్టిన చిన్న ముక్కలను) మళ్ళీ మళ్ళీ వాయిస్తూ నిలబడుతుంది. దీన్ని వ్యాంప్ అంటారు. కిట్ ట్రాకులో ఆ చోట ఎన్నిసార్లు వాయించాలో ముందే ఖాయం చేసి రికార్డు చేశారు. వెనక వాద్యం మోగుతుండగా నాలుగు వాక్యాలు చెప్పాల్సిన పిల్ల మూడో వాక్యంలో తడబడితే పాట మొదలైపోతుంది. ఆమె మాట పాట కింద పడిపోతుంది, పల్లవి అందుకోవాల్సినవాళ్ళు ఆమె ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ తమ ఎత్తుగడ కూడా పోగొట్టుకుంటారు. ఒక్క తడబాటుకు మూడు తప్పులు.

దీనికి విరుగుడు ఉంది. స్క్రిప్టులో వాద్యం మీద మాటలు పడే చోట్లన్నీ ముందే గుర్తించండి. ఆ మాటలకు ఎన్ని సెకన్లు దొరుకుతున్నాయో స్టాప్‌వాచ్‌తో కొలిచి పేజీ అంచున రాయండి. పన్నెండు సెకన్లు ఉంటే పదింటిలో ముగిసేలా సాధన చేయించండి. తప్పితే ఎక్కడ కలవాలో కూడా నేర్పాలి: “మాట మిగిలిపోతే వదిలెయ్, పాట అందుకో” అన్నది అందరికీ ఒకటే నియమం. ట్రాక్ నడిపే మనిషి దగ్గర క్యూల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే వ్యాంప్ ఉన్న ముక్కను లూప్‌లో తిప్పి, మాట ముగిశాక వదలవచ్చు. అది మ్యాక్ కంప్యూటర్ల మీదే పనిచేస్తుంది. అలా లూప్ చేయడం మీ ఒప్పందానికి లోబడి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఫోను నుంచి ట్రాక్ వాయించాల్సి వస్తే ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. బ్లూటూత్ వద్దే వద్దు, తీగ వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, జనం నిండిన హాల్లో ఎప్పుడు తెగుతుందో చెప్పలేం.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నది కిట్ కొన్న చాలామంది పట్టించుకోరు. రెండు స్పీకర్లను వేదిక ముందు పెట్టి ప్రేక్షకుల వైపు తిప్పేస్తారు. అప్పుడు వెనక నిలబడ్డ పిల్లలకు వాద్యం నేరుగా వినబడదు, హాలు చివరి గోడకు కొట్టుకుని తిరిగి వచ్చిందే వినబడుతుంది. శబ్దం మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి 40 మీటర్లు, అంటే సెకనులో పదో వంతు పైమాటే. పిల్లలు సరిగ్గా అంతే ఆలస్యంగా పాడతారు. వాళ్ళకు తాళం రాదని మనం వాళ్ళను కోప్పడతాం. వేదిక రెండు పక్కల వింగుల్లో, అంటే ప్రేక్షకులకు కనబడని పక్క జాగాల్లో, చిన్న స్పీకరు చెరొకటి లోపలికి తిప్పి పెడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

గొంతు ఉన్న ట్రాకుల్ని అతిగా వాడకండి. మొదటి రెండు వారాలు చాలు. ఆ తర్వాత కూడా వాటితోనే సాధన చేస్తే పిల్లలు పాట నేర్చుకోరు, రికార్డులో పాడినవాళ్ళ వెనక పాడటం నేర్చుకుంటారు. ప్రతి పదానికీ అరక్షణం వెనకబడటం చూస్తే అదే కారణమని తెలుసుకోండి. మూడో వారం నుంచి పియానో, అది లేకపోతే కీబోర్డు. పియానో వాయించే మనిషి దొరికితే వారానికి ఒక్క రోజుకైనా పిలవండి. తప్పిన చోట ఆపి రెండు బార్లు వెనక్కి వెళ్ళడం ట్రాకుతో చాలా విసుగు పని, పియానోతో చిటికెలో అవుతుంది. ప్రదర్శనకు నాలుగు వారాల ముందు నుంచి మాత్రం వాద్యాల ట్రాకుతోనే చేయించాలి.

శ్రుతి విషయంలో ఎంటీఐ మంచి పని చేసింది. పెద్దల శ్రుతిలో ఉన్న పాటల్ని చిన్న గొంతులకు తగ్గట్టు మార్చింది. అయినా గొంతు మారే వయసు మగపిల్లలతో ఇబ్బంది ఉంటుంది. ఆడిషన్ నాటికి హాయిగా పాడిన పిల్లాడు మూడు నెలల్లో ఆ పై స్వరాలు అందుకోలేకపోవచ్చు. ట్రాక్ శ్రుతి మన ఇష్టానికి మారదు. కాబట్టి పాత్ర ఇచ్చేటప్పుడు పాటలోని అన్నిటికన్నా పై స్వరం కంటే ఇంకో రెండు స్వరాలు పైకి అందుకోగలిగినవాళ్ళకే ఇవ్వండి. గొంతు విరుగుతున్నవాళ్ళకు మాట ఎక్కువ, పాట తక్కువ ఉన్న వేషాలు సరిపోతాయి. ఆడిషన్ కూడా వృత్తి పద్ధతిలోనే పెట్టండి: 16 బార్ల పాట, స్క్రిప్టులోంచి ఒక పేజీ చదవడం, ఆ తర్వాత అందరికీ కలిపి ఒక చిన్న డాన్స్. బ్రాడ్‌వే నటులు ఉద్యోగానికి వెళ్ళేది ఇలాగే అని చెబితే పిల్లలు చాలా శ్రద్ధగా తయారై వస్తారు.

డాన్స్ వీడియోలు పరవాలేదు. బోధించే మనిషి కెమెరా వైపు తిరిగి ఉన్నాడా, వీపు చూపిస్తున్నాడా అన్నది ముందే చూసుకోండి. లేకపోతే సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరుగుతారు. వీడియోలోని వరసలు మీ వేదికకు సరిపోవు. చేతులు చాపితే ఒక్కో పిల్లకు మీటరు జాగా కావాలి. 8 మీటర్ల వేదిక మీద 30 మంది అంటే నాలుగు వరసలు, నాలుగో వరస ప్రేక్షకులకు కనబడదు. వెనక వరసల్ని మెట్ల మీదో బల్లల మీదో ఎక్కించండి, లేదా కోరస్‌ను, అంటే కలిసి పాడే బృందాన్ని, రెండు జట్లుగా చేసి పాటల్ని పంచండి.

కిట్ తగినంత చెప్పనిది, మేము ముఖ్యమనుకునేది ప్రదర్శనను తెరవెనక నుంచి నడిపే స్టేజ్ మేనేజర్ పని. నటన ఇష్టం లేని పిల్లలు ప్రతి బృందంలోనూ ఉంటారు, వాళ్ళలో పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లకు ఈ పని అప్పగించండి. ఒక ఫైల్లో స్క్రిప్టు ఒకవైపు, ఖాళీ కాగితం ఎదురుగా. లైటు మారే చోట, శబ్దం వచ్చే చోట గీత గీసి నంబరు వేయాలి, వీటినే క్యూలంటారు. ప్రదర్శనలో హెడ్‌సెట్ మీద “లైట్ 14, సౌండ్ 6, స్టాండ్‌బై” అని ముందే హెచ్చరించాలి. లైట్లు, శబ్దం నడిపేవాళ్ళు “స్టాండింగ్ బై” అన్నాక సరైన మాట దగ్గర “లైట్ 14, సౌండ్ 6, గో”. ‘గో’ అన్న మాట చివర్లోనే రావాలి, ఆ హెడ్‌సెట్‌లో మరి దేనికీ వాడకూడదు. ఎవరైనా మామూలుగా ఆ మాట అంటే లైట్లు మారిపోతాయి. తెర లేవడానికి అరగంట ముందు “హాఫ్ అవర్” అని పిలుపు, ఆ తర్వాత పదిహేను, అయిదు, చివరకు “ప్లేసెస్”. ప్రతి పిలుపుకూ పిల్లలు “థాంక్యూ” అని బదులివ్వాలి, అలా అంటేనే విన్నారని అర్థం. ఈ ఒక్క అలవాటుతో తెరవెనక అరుపులు సగానికి సగం తగ్గుతాయి.

మైకుల విషయంలో అత్యాశ వద్దు. మంచి హెడ్‌సెట్ మైకులు ఎనిమిది ఉంటే ముప్ఫై మందికి నెట్టుకురావచ్చు, కోరస్‌కు వేదిక అంచున రెండు మూడు మైకులు పెడితే చాలు. మైకు తల నోటి మూల నుంచి రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. మరీ నోటి ముందు పెడితే ఊపిరి శబ్దం కొడుతుంది. చెంప మీద టేపు వేయకపోతే డాన్స్‌లో జారుతుంది. బ్యాటరీలు ప్రతి ప్రదర్శనకూ కొత్తవి. ముసుగులున్న షో అయితే నోరు మూసే ముసుగు వేయకండి. ‘ది లయన్ కింగ్’ 1997లో బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు జూలీ టేమోర్ సింహాల ముసుగుల్ని నటుల తల పైన నిలబెట్టింది, ముఖం పూర్తిగా కనబడుతుంది. దాని ‘కిడ్స్’ షోకీ అదే దారి మంచిది: అట్ట ముసుగును నుదుటి పట్టీకి కుట్టేయండి.

ఏ షో ఎంచుకోవాలి? ఆడపిల్లలు ఎక్కువగా ఉంటే ‘అనీ’ జూనియర్: 1977 నాటి ఆ మ్యూజికల్‌లో అనాథాశ్రమం పిల్లల వేషాలు చాలానే ఉన్నాయి. అందరికీ తలా కొంత పాట దక్కాలంటే ‘స్యూసికల్’. అది 2000లో బ్రాడ్‌వేకి వచ్చి 198 ప్రదర్శనలతోనే మూతపడింది, పాఠశాలల్లో మాత్రం బ్రహ్మాండంగా ఆడుతోంది. ‘ఇన్‌టు ది వుడ్స్’ జూనియర్ విషయంలో మాకు అభ్యంతరం ఉంది. 1987 నాటి అసలు నాటకంలో కోరికలు తీరిన సంతోషం మొదటి అంకంతో ముగిసి, వాటికి చెల్లించాల్సిన మూల్యం రెండో అంకంలో వస్తుంది. జూనియర్‌లో ఆ రెండో అంకం లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు పరవాలేదు. పదిహేనేళ్ళవాళ్ళకు సగం నాటకం ఇచ్చి సరిపెట్టడం అన్యాయం.

గంట షోకి వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు పాటలకు, తర్వాతి నాలుగు బ్లాకింగ్‌కు, డాన్స్‌కు, ఆ తర్వాతి మూడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఆడటానికి, ఆఖరిది లైట్లు, దుస్తులు, మైకులతో. ఆ ఆఖరి వారంలో ఒక రోజు నటన ఏమీ లేకుండా క్యూ నుంచి క్యూకి దూకుతూ లైట్లు, శబ్దం మాత్రమే చూసుకోవాలి. దాన్ని మానేసినవాళ్ళకు మొదటి ప్రదర్శనే ఆ రిహార్సల్ అవుతుంది.

వీలైతే రిహార్సల్స్ సగంలో ఉన్నప్పుడు పిల్లలకు ఒక వృత్తి ప్రదర్శన చూపించండి. ముందే చూపిస్తే పాటలూ వెలుగులే గుర్తుంటాయి, తమకూ పని తెలిశాక చూపిస్తే కోరస్ ఎలా ఊపిరి తీసుకుంటోందో గమనిస్తారు. కింద వెనక వరసల కంటే బాల్కనీ ముందు వరస చిన్నవాళ్ళకు నయం, ముందువాళ్ళ తలలు అడ్డురావు, డాన్స్ వరసలు పైనుంచి పూర్తిగా కనబడతాయి. బ్రాడ్‌వేలో చాలా థియేటర్లు నాలుగేళ్ళలోపు పిల్లల్ని రానివ్వవు. అక్కడ 1996 నుంచి నడుస్తున్న ‘కిడ్స్ నైట్ ఆన్ బ్రాడ్‌వే’లోనూ, లండన్ ‘కిడ్స్ వీక్’లోనూ పెద్దవాళ్ళు టికెట్టు కొంటే వెంట వచ్చే పిల్లకు ఉచితం.

పదిహేను మందికన్నా తక్కువ పిల్లలుంటే జూనియర్ షో జోలికి పోకండి. కోరస్ పలచబడి ట్రాకులోని వాద్యాల కింద మునిగిపోతుంది, ‘కిడ్స్’ షోతో మొదలుపెట్టండి. ముప్ఫై దాటితే అదనపు స్క్రిప్టులు కిట్‌తో పాటే కోరండి. నాలుగో వారంలో అడిగితే ఆ పిల్లలు అప్పటిదాకా పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగిచూస్తూ గడపాలి. వాటిని ఫొటోకాపీ తీయడానికి ఒప్పందం ఒప్పుకోదు.